ఆపుకున్న గంట

ముప్పావు లీటరు నీళ్లు తాగి, పిలిచేదాకా ఆపుకొని కూర్చోమంది నర్సు. ఆపుకోలేకనే కదమ్మా ఇంత దూరం వచ్చింది అన్నాను. ఆమె నవ్వలేదు, జాలిపడనూ లేదు. కారినంత కారనీ మేడం, మిగిలినదానితో పరీక్ష చేస్తారు అని చెప్పి ఇంకొకరి పేరు పిలవడానికి వెళ్లిపోయింది. కారినంత కారనీ. ఏడేళ్లలో నాతో ఈ మాట అన్న మొదటి మనిషి ఈమె, పేరు కూడా తెలియదు. ఇనుప బెంచీ చల్లగా ఉంది. గోడ గడియారంలో పది కావడానికి పది నిమిషాలు. పక్కన మా ఆయన దావీదురాజు, ఫైలు మీద రాసింది ఎవరికీ కనపడకుండా గుండెకు ఆనించుకొని కూర్చున్నాడు. ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ కాటా దగ్గర గుమాస్తా ఆయన, రోజూ వంద లారీల మీద గట్టిగా అరిచే మనిషి. చెడ్డవాడు కాదు. నాకోసం రెండు రోజులు సెలవు పెట్టాడు. నిన్న బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చి, ఆగిన ప్రతి ఊళ్లోనూ దిగుతావా అని అడిగాడు. చెవిలో అడిగాడు. రాత్రి కర్నూలు పక్కనే కల్లూరులో ఆడబిడ్డ ఇంట్లో పడుకున్నాం. పొద్దున షేర్ ఆటో ప్రతి గుంతలోనూ ఎగిరిపడింది, ప్రతి గుంతకూ నేను ముందు సీటు కమ్మీ పట్టుకొని పళ్లు బిగించాను. ఇప్పుడు ఈ ముప్పావు లీటరు.

ఫైలు మీద రాసిందేమిటంటే రెజీనా, నలభై ఏడు, వ్యాయామ ఉపాధ్యాయురాలు. ఆయన దాచిన అక్షరాల్లో చివరి మాటంటే నాకు గర్వం. ఒకప్పుడు కడప జిల్లా జట్టులో కబడ్డీ ఆడాను. కూతకు పోతే ముగ్గురిని తాకకుండా వెనక్కి వచ్చేదాన్ని కాదు. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు నేర్పుతున్నాను. ఏ కండరం పట్టేస్తే ఎక్కడ నొక్కాలో, పిక్క బెణికితే ఎన్ని రోజులు ఆగాలో, భుజం జారితే ఎట్లా కట్టాలో కళ్లు మూసుకొని చెప్తాను. శిక్షణ కాలేజీలో ఒంటి కండరాలన్నీ ఎర్రగా గీసిన నిలువెత్తు బొమ్మ ఉండేది, ప్రతి కండరానికీ ఒక గీత, గీత చివర ఒక పేరు. మెడనుంచి నడుము వరకు బట్టీ పట్టాం, తొడల నుంచి మడమ వరకు బట్టీ పట్టాం. మధ్యలో మాత్రం ఆ బొమ్మకు నీలం నిక్కరు తొడిగారు. అది మగవాడి బొమ్మ. ఆ నిక్కరు కింద ఏముందో పరీక్షలో అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నాకు పాడైంది అదొక్కటే.

నీళ్లు దిగుతున్నాయి. పొత్తికడుపులో ముందు ఒక బరువు, తర్వాత ఒక గిలి. మోకాళ్లు దగ్గరికి చేర్చుకున్నాను. మా అమ్మ ఇట్లాగే కూర్చునేది, రెండు మోకాళ్లూ అతికించినట్టు. ముద్దనూరు దగ్గర పల్లెలో మా చర్చి, తలుపు పక్కన ఆఖరి వరసలో అమ్మ చోటు. పాస్టరు వాక్యం సగంలో ఉండగానే లేచి బయటికి వెళ్లేది. సగం వాక్యం జీవమ్మ అని పేరు పెట్టారు ఆమెకు. ముందు వరసలో పాటలు పాడే పిల్లల మధ్య కూర్చున్న నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఆమె దగ్గర ఎప్పుడూ ఒక తడి వాసన. గుడ్డలు తీగ మీద ఆరేయదు, కోళ్లగూడు వెనక రాళ్ల మీద పరుస్తుంది. ఏమ్మా ఇది అని ఒక్కసారి అడిగాను. ఆడదాని ఒళ్లు అంతేలే పాపా అంది. ఐదు కాన్పులు, పొద్దుగూకేవరకు శనక్కాయ చేన్లో వంగిన నడుము, రెండు మైళ్ల నుంచి నెత్తిన నీళ్ల బిందె. కడపలో నా ఫైనలు ఆట చూడటానికి రమ్మంటే రాలేదు. కోళ్లకు గింజలెవరు వేస్తారు అంది. అన్ని ఊళ్ల అమ్మలూ వచ్చారు. కప్పు చేత పట్టుకొని నేను ఒక్కదాన్నే నిలబడ్డాను. ఇరవై ఏళ్లు ఆ కోళ్ల మీద కోపం పెట్టుకున్నాను. కోళ్లు కాదు. రెండు గంటల బస్సు. ఆమె ఆ బస్సులో కూర్చోలేదు, కూర్చోలేనని కూతురితో చెప్పనూ లేదు. చెప్పకుండానే చచ్చిపోయింది.

చెప్పకపోవడం నేనూ నేర్చుకున్నాను. చిన్నోడు నాలుగు కిలోల పైన పుట్టాడు. వాడికి మూడు నెలలు నిండకుండానే మైదానంలో దూకాను, నా అంత గట్టిది లేదనుకున్నాను. అప్పుడు చుక్క. నలభై దాటాక ధార. విజిల్ గట్టిగా ఊదితే కారేది, అందుకని చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాను. తుమ్ము వస్తే ముక్కు నలిపేసేదాన్ని. నల్ల ట్రాక్ ప్యాంట్లు తప్ప కొనలేదు. ముట్లు ఆగిపోయినా ప్యాడ్లు ఆగలేదు. నల్ల సంచిలో చుట్టి తెచ్చుకొని, నల్ల సంచిలో చుట్టి పారేసేదాన్ని. ఏ ఊరి బస్టాండులో ఏ గది శుభ్రంగా ఉంటుందో నాకు తెలిసినట్టు డ్రైవర్లకు కూడా తెలియదు. ఒక ఊళ్లో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, సగం మాట వినకముందే గర్భసంచి తీసేద్దాం, ఏ బాధా ఉండదు అంది. వారం తర్వాతి తేదీ కూడా రాసిచ్చింది. ఆ చీటీని చించి బస్సు కిటికీలోంచి వదిలేశాను. బాగా చేశాను అనుకున్నాను. మళ్లీ ఏ డాక్టరు దగ్గరికీ పోకుండా నాలుగేళ్లు గడిపాను. అది మాత్రం బాగా చేసిన పని కాదు.

గిలి పోయింది, ఇప్పుడు నొప్పి. బెంచీల మధ్య ఎవరో బకెట్లో నీళ్లు ఒంపి నేల తుడుస్తున్నారు, ఆ చప్పుడు విననట్టు తల తిప్పుకున్నాను. శివాని గుర్తొచ్చింది. ఆపుకున్నప్పుడల్లా శివాని గుర్తొస్తోంది ఈ నెలంతా.

తొమ్మిదో తరగతి. సన్నగా, మెరుపులాగా ఉంటుంది. కూతకు పోతే నన్ను నేను చూసుకున్నట్టే. మా బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గొళ్లెం లేదు, అందుకని ఒక పిల్ల లోపలికి పోతే ఇంకొక పిల్ల బయట తలుపు పట్టుకొని నిలబడాలి. ఆ సిగ్గుకు పిల్లలు పొద్దున తొమ్మిదికి వచ్చి సాయంత్రం నాలుగున్నర దాకా నీళ్లు తాగరు. నాకు తెలుసు. తెలిసి ఏం చేశాను? ఆపుకోవడం కూడా ఒక ప్రాక్టీసే అన్నాను. మ్యాచ్‌కు ముందు గుక్కెడు కంటే తాగొద్దు అన్నాను. నా భయాన్నంతా క్రమశిక్షణ అని పేరు పెట్టి వాళ్లకు పంచాను. మండలం ఆటల రోజు మధ్యాహ్నం ఎండలో శివాని కూతకు పోయి, గీత దగ్గర మోకాళ్ల మీద కూలబడింది. ఒళ్లు కాలిపోతోంది, వణుకు. పరుగెత్తి ఎత్తుకున్నాను. నలభై కిలోల పిల్ల. ఎత్తిన క్షణంలోనే నాది మొత్తం కారిపోయిందని తెలిసింది నాకు, వెచ్చగా రెండు కాళ్లకూ. ఆ రోజు నల్ల ప్యాంటు ఆరలేదని ఎప్పటిదో పాత బూడిద రంగుది వేసుకున్నాను. మూడు వందల మంది పిల్లలు, పది బళ్ల టీచర్లు. దించలేదు. దించి చేతులతో దాచుకోవాలని ఒక్క అరక్షణం అనిపించింది, కానీ దించలేదు. ఆ తడితోనే మైదానం దాటి, ఆ తడితోనే ఆటో ఎక్కి, ఆ తడితోనే డాక్టరు ముందు కూర్చున్నాను. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నాడాయన. నీళ్లు తాగవా పాపా అని అడిగాడు. పిల్ల ఆ జ్వరంలోనూ తల ఎత్తి చెప్పింది. "ఆపుకునేది గూడా ప్రాక్టీసే సార్. మా మేడం చెప్పినారు." గర్వంగా చెప్పింది.

మర్నాడు మా బడిలోనే ఇంకొక వ్యాయామ టీచరు వీరభద్ర, స్టాఫ్ రూములో నేను వినేట్టే హెడ్మాస్టరుతో అన్నాడు. మేడంకు వయసైపాయ సార్, జట్టు నాకియ్యండి, ఆమెకు కూర్చునే పని జూడండి. మా హెడ్మాస్టరు శ్రీనివాసులు సార్ నన్ను పిలిచి, లైబ్రరీ చూసుకోండి, మధ్యాహ్న భోజనం రిజిస్టరు చూసుకోండి, నీడపట్టున ఉంటారు అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ప్రేమగా అన్నందుకే ఒళ్లు మండింది. నెల రోజులు టైం ఇవ్వండి సార్ అని వచ్చేశాను. ఆ సాయంత్రమే శివాని వాళ్ల అమ్మ ముందు కూర్చొని తప్పు నాదేనని చెప్పాను, తర్వాత ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. మొదటి చుక్క నుంచి పదిహేనేళ్లు సొమ్ములాగా దాచుకున్నదంతా ఆయన ముందు పోశాను. కర్నూలులో మంచి డాక్టరు ఉందంట, పోదాం అన్నాడు. ఎవరన్నా అడిగితే మాత్రం కిడ్నీలో రాయి అని చెబుదాం అన్నాడు. సరే అన్నాను. అప్పుడు సరే అన్నాను.

"వందనాలప్పా దావీదురాజూ! మీరేంది ఈడ?"

తల ఎత్తితే ప్రేమయ్యన్న. ఎర్రగుంట్లలో మా చర్చి పెద్ద, రైల్వేలో చేసి రిటైరైనాడు. మా ఆయన దిగ్గున లేచి నిలబడి, ఫైలును ఇంకా గట్టిగా అదుముకున్నాడు. "వందనాలన్నా. మీరు..."

"నాకు ప్రొస్టేటు గదప్పా!" ప్రేమయ్యన్న మా ఎదురు బెంచీలో కూర్చుంటూ రెండు వరసలకు వినపడేట్టు చెప్పాడు. "రాత్రికి ఐదుసార్లు లేస్తాండా. ఒకోసారి బాత్రూము దాకా గూడా ఆగదు. మా ఇంట్లో లైటు ఆరిందే ల్యా. పోయిన ఆదివారం ప్రార్థన గూడా పెట్టించినా గదా, మీరు రాలేదా?" నవ్వాడు. పక్కన కూర్చున్న మగవాళ్లు కూడా నవ్వారు. ఒకాయన నాకూ అంతేలే సామీ అన్నాడు. "మా చెల్లెలికేమైంది?"

"రాయన్నా," అన్నాడు మా ఆయన. "కిడ్నీలో. చిన్నది."

రాయి. రాయికి ఎంత మర్యాద. మా వైపు నాపరాళ్ల నేల, సున్నపురాళ్ల నీళ్లు, ఇంటికొకరికి రాయి ఉంటుంది. రాయి పడిందని చెబితే ఉలవకట్టు తాగమంటారు, ఎన్ని మిల్లీమీటర్లు అని ఆసక్తిగా అడుగుతారు. ఈయన ఐదుసార్లు లేచినా, బాత్రూము దాకా ఆగకపోయినా, అది మైకులో ప్రార్థన. అమ్మ ఆఖరి వరసలోంచి లేస్తే అది ఎగతాళి పేరు. అక్కడా చర్చే, ఇక్కడా చర్చే, అదే దేవుడు, అదే ఉచ్చ. అమ్మ నోరు తెరిచి ఒక్కమాట అనలేదు, నేను తెరవలేదు, తొమ్మిదో తరగతి పిల్ల కూడా జ్వరంలో గర్వంగా ఆపుకుంటోంది. కడుపులో నీళ్లు రాయిలాగే గట్టిపడ్డాయి, నిజానికి. నోరు తెరిస్తే కారుతుందేమో అనుకున్నాను. తెరిచాను.

"రాయి ల్యాదన్నా. నాకు ఉచ్చ ఆగదు."

నేల తుడిచే ఆమె చెయ్యి ఆగింది. మా ఆయన రెజీనా అన్నాడు గొంతులోనే.

"దగ్గితే కారతాది, తుమ్మితే కారతాది. పిల్లోళ్లకు ఆట జూపిచ్చినా అంతే. ఏడేండ్లాయ. దానికే వచ్చినాం."

"నెమ్మదిగా మాట్లాడు," అన్నాడు మా ఆయన.

"నెమ్మదిగా ఎందుకు? అన్న ఐదుసార్లు లేస్తాడని అందరికీ చెప్పినాడు గదా. అన్నదైతే ప్రార్థన, నాదైతే రాయా?"

ప్రేమయ్యన్న చెప్పుల వైపు చూసుకున్నాడు. ఇట్లాంటివి ఆడోళ్లకు ఆడోళ్లు చెప్పుకోవాలమ్మా అన్నాడు మెల్లగా. కాసేపాగి లేచి, మందుల కిటికీ దగ్గరున్న బెంచీకి మారిపోయాడు. ఇందాక నవ్విన మగవాళ్లు సెల్‌ఫోన్లు తీశారు. ఎవరూ మెచ్చుకోలేదు. మెచ్చుకుంటారని నేనూ అనుకోలేదు. మా ఆయన ముఖం ఎర్రబడింది, ఆదివారం ఏ మొహం పెట్టుకోని పోయేది అన్నాడు. నా మొహం నేను పెట్టుకోని వస్తా, నీ మొహం నువ్వు తెచ్చుకో అన్నాను. అని నవ్వొచ్చింది నాకు, ఆపుకోలేనంత నవ్వు, నవ్వితే కొంచెం కారింది కూడా. బెంచీ చివర ముసలామె ఒకతె ఇంతసేపూ గోడకానుకొని కళ్లు మూసుకొని ఉంది. కళ్లు తెరవకుండానే అడిగింది. "ఏమ్మా, ఆ పరీక్ష యా రూములో జేస్తారు?" ఏడో నంబరు అవ్వా అని చెప్పాను. ఏడు, ఏడు అని ఆమె పెదాలు కదిలాయి.

అప్పుడే నా పేరు పిలిచారు. లేచి నడిచాను. గదిలో డాక్టరు సుప్రజ, నాకంటే చిన్నది, జుట్టు గట్టిగా వెనక్కి కట్టుకుంది. గోడ దగ్గర ఇద్దరు చదువుకునే అమ్మాయిలు నిలబడి ఉన్నారు. వీళ్లు ఉండొచ్చా, మీకిష్టం లేకపోతే పంపిస్తాను అంది. ఉండనీండి, నేర్చుకోనీండి అన్నాను. మొదట గరాటు కట్టిన కుర్చీలో పోయమన్నారు, పక్కన యంత్రం కాగితం మీద కొండలాగా ఒక గీత గీసింది. ఇంత నీళ్లు ఇంత సేపు ఆపుకున్నారే అంది డాక్టరు. తర్వాత దారాల్లాంటి సన్న గొట్టాలు పెట్టారు, మంట పుట్టింది, పళ్లు బిగించాను, వదలండి మేడం బిగిస్తే ఎక్కువ నొప్పి అంది ఒక అమ్మాయి. మూత్రసంచిలోకి మెల్లగా నీళ్లు ఎక్కిస్తూ, పోవాలనిపించగానే చెప్పండి, ఇంకా ఆగలేననిపించగానే చెప్పండి అన్నారు. చెప్పాను. నా కడుపులో ఏమవుతోందో నన్నే అడిగారు, నేను చెప్పింది రాసుకున్నారు. ఏడేళ్ల కింద ఎవరైనా ఇట్లా అడిగి ఉంటే. అమ్మను ఎవరైనా అడిగి ఉంటే.

"ఇప్పుడు నిలబడి దగ్గండి," అంది డాక్టరు.

కాళ్ల మధ్య నేల మీద ఒక స్టీలు పళ్లెం. మెల్లగా దగ్గాను, ఏడేళ్ల అలవాటు, గొంతులోనే నలిపే దగ్గు. అట్లా కాదు, గట్టిగా అంది. గట్టిగా. నేను గట్టిగా దగ్గి ఎన్నేళ్లయింది? ఊపిరి నిండా తీసుకున్నాను, మైదానం ఆ చివర నిలబడ్డ పిల్లకు వినపడేటట్టు దగ్గాను. పళ్లెంలో టపటపా చప్పుడైంది. ఇంకోసారి అంది, ఇంకోసారి దగ్గాను. ఆ చప్పుడు గదిలో అందరూ విన్నారు. ఎవరూ తల తిప్పుకోలేదు. కనపడింది, స్పష్టంగా కనపడింది అని డాక్టరు యంత్రం వైపు వంగి ఆ అమ్మాయిలకు చూపిస్తుంటే, నేను కూడా మెడ చాచి చూశాను.

బట్టలు వేసుకొని కూర్చున్నాక కాగితం మీద గీసి చెప్పింది. మూత్రసంచి బాగుంది, దానంతట అది ముడుచుకోవడం లేదు. దాని కింద ఉయ్యాలలాగా పట్టుకునే కండరాలు కాన్పుల్లో సాగి వదులయ్యాయి, పైన ఒత్తిడి పడగానే నోరు మూయలేకపోతున్నాయి. గర్భసంచికీ దీనికీ సంబంధం లేదు, తీసినా ఇది పోయేది కాదు. ముందు మూడు నెలలు వ్యాయామం. చాలామందికి బాగా తగ్గుతుంది, అందరికీ అని చెప్పలేను. తగ్గకపోతే చిన్న ఆపరేషను ఉంది, మూత్రనాళం కింద పట్టీ వేస్తాం, అది అప్పుడు మాట్లాడుకుందాం. నీళ్లు మాత్రం మానొద్దు. మా ఆయనను లోపలికి పిలిచి ఆయనకూ మళ్లీ గీసి చెప్పింది. ఆయన ముఖం ఇంకా ముడుచుకునే ఉంది. ప్రేమయ్యన్న ముందర అనకుండా ఉండాల్సింది అన్నాడు బయటికి వస్తూ. నాలుగడుగులు నడిచి, రోజుకెంతసేపు చేయాలంట అన్నాడు.

పక్క గదిలో ఫిజియోథెరపిస్టు చైతన్య. నా దగ్గర చదివిన పిల్లల వయసు. పడుకోబెట్టి, గాలి పోకుండా ఆపుకున్నట్టు, మూత్రం ధారను మధ్యలో ఆపినట్టు లోపలికి, పైకి లాగండి అంది. లాగాను. "మీరు తొడలు బిగిస్తాండారు మేడం." వదిలి మళ్లీ లాగాను. "ఇప్పుడు పొట్ట." మళ్లీ. "ఇప్పుడు ఊపిరి ఆపేసినారు." ఒంట్లో బలమైనవన్నీ ముందుకు దూకుతున్నాయి, మేమున్నాం మేమున్నాం అని. వాటిని ఒక్కొక్కటే కూర్చోబెట్టాను. తొడలు వదిలాను, పొట్ట వదిలాను, ఊపిరి మామూలుగా పోనిచ్చాను. ఎక్కడో చాలా లోపల, నిద్రలోంచి లేచే పసిపిల్ల గుప్పిట మూసినంత మెల్లగా, ఏదో ముడుచుకుంది. ఒకటి, రెండు, మూడు. వదిలేసింది. అంతే దాని బలం. చైతన్య ఏమీ అనకముందే నాకు తెలిసిపోయింది. ఇరవై రెండేళ్లు కండరాలతో బతికినదాన్ని, కొత్త కండరం పలికితే తెలియదా? అదే మేడం అంది చైతన్య. మూడు లెక్కలకు వదిలేసింది కదా, రోజూ చేస్తే పదికి వస్తాది. కూర్చొని చేయండి, నిలబడి చేయండి, దగ్గొచ్చే ముందు బిగించి దగ్గండి. ఆడపిల్లలందరికీ చిన్నప్పుడే నేర్పితే మా దగ్గరికి సగం మంది రారు.

అక్కడే మంచం అంచున కూర్చొని, మా హెడ్మాస్టరుకు ఫోను చేశాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు.

"సార్, నెల కాదు, మూడు నెలలు పడతాది. అంతవరకు జట్టు నా దగ్గరే ఉంటాది. ఆ తర్వాత గూడా."

"ముందు ఆరోగ్యం జూసుకోండి మేడం. అవన్నీ నిదానంగా..."

"ఆడపిల్లోళ్ల మరుగుదొడ్డికి సోమవారం గొళ్లెం పడాల సార్. పడకుంటే మంగళవారం నేనే సుత్తి దెచ్చుకుంటా. ఇంకోటి. డ్రిల్లు పీరియడ్లో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లోళ్లకు కొత్త ఎక్సర్‌సైజు నేర్పుతాండా."

అవతల కాగితాలు కదిలిన చప్పుడు. "టైంటేబుల్లో రాయాల గదా మేడం. పేరేమి దాని పేరు?"

చైతన్య నా వైపు చూసింది. మా ఆయన నేల వైపు చూశాడు.

"మూత్రం ఆపే కండరాల ఎక్సర్‌సైజు."

అవతల తలుపు మూసిన చప్పుడు. "మేడం... యోగా అని రాద్దామా?"

"వద్దు సార్," అన్నాను. "నేను చెప్పిందే రాయండి. స్పెల్లింగు తెలియకుంటే చెప్పండి, అక్షరం అక్షరం చెప్తా."